పైన పసిడి... లోన వెండి!

పూత నగ అనగానే తీసిపారేయాల్సిన పనిలేదు. అలాగని బంగారమే అనుకుని మురిసిపోవాల్సిన పనీ లేదు. ఏం కొంటున్నామో తెలిసి కొని, ఎలా దాచాలో తెలిసి దాచుకుంటే బంగారు పూత పూసిన వెండి నగ ఏళ్ల తరబడి మెరుస్తుంది. తెలియకపోతే మాత్రం అటు మెరుపూ పోతుంది, ఇటు డబ్బూ పోతుంది!

టోక్యో ఒలింపిక్స్‌లో ఈటె విసిరి నీరజ్ చోప్రా గెలుచుకొచ్చిన పసిడి పతకం బరువు దాదాపు 556 గ్రాములు. అందులో బంగారం ఎంతో తెలుసా? ఆరు గ్రాముల పైచిలుకు. మిగిలినదంతా వెండే! 2016లో రియోలో మన పి.వి.సింధు రజతం అందుకున్నప్పుడు పక్కనే కరోలినా మారిన్ మెడలో మెరిసిన పసిడి పతకానిదీ అదే కథ. అరకిలో పతకంలో బంగారం ఆరు గ్రాములు. ఒలింపిక్స్‌లో అచ్చంగా బంగారంతో చేసిన పతకాలు ఆఖరుసారి ఇచ్చింది ఎప్పుడో 1912లో, స్టాక్‌హోంలో.

అయినా ఆ పతకాన్ని ఎవరూ నకిలీ అనరు. దేంతో చేశారో, ఎంత బంగారం వేశారో నిర్వాహకులే ముందు చెబుతారు కాబట్టి. అదే మెడలో హారం విషయానికొచ్చేసరికి మాత్రం 'గిల్టుదా?' అని పెదవి విరుస్తాం. నిజానికి చూడాల్సింది పూత ఉందా లేదా అన్నది కాదు. పూత కింద ఏముంది, పూత ఎంత ఉంది, ఆ రెండు సంగతులూ మనకు చెప్పి అమ్మారా లేదా... అన్నదే!

ఇప్పుడీ ప్రశ్నలు తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మన మార్కెట్లో పది గ్రాముల మేలిమి బంగారం ధర తొలిసారి లక్ష రూపాయలను తాకింది. కాసులపేరు, వడ్డాణం, వంకీ లాంటి బరువైన నగలు బంగారంలో చేయించుకోవడం మధ్యతరగతి ఇళ్లకు తలకు మించిన భారమైంది. దాంతో '925 వెండి, బంగారు పూత' అన్న మాట నగల దుకాణాల్లో బాగా వినిపిస్తోంది. వెండి కూడా తక్కువేం తినలేదు. 2024లోనే కిలో లక్ష రూపాయలకు చేరింది. అంటే ఇవి గాజుల బండి దగ్గర సరదాకి కొనే నగలు కావు. వేలల్లో డబ్బు పెట్టి కొనేవి!

పట్టుచీర అంచులో ఉన్నదీ అదే

వెండి మీద బంగారం మనకు కొత్తేం కాదు. బీరువాలోని అమ్మ పెళ్లి పట్టుచీర తీసి చూడండి. అసలు జరీ అంటే ఏమిటి? సన్నని వెండి తీగను సాగదీసి, రేకులా అణగగొట్టి, దారం చుట్టూ చుట్టి, దానికి బంగారు పూత ఇస్తారు. గద్వాల అయినా, వెంకటగిరి అయినా, ధర్మవరం అయినా అసలు జరీతో నేసిన చీర అంచులో మెరిసేది బంగారు పూత వేసుకున్న వెండే.

'పాత పట్టుచీరలు కొంటాం...' అంటూ వీధుల్లో కేకేసుకుంటూ వెళ్లేవాళ్లు గుర్తున్నారా? వాళ్లు చీర రంగు చూడరు, నేత చూడరు. జరీ పట్టుకుని చూస్తారు. దాన్ని కాల్చి వెండి తీస్తారు కాబట్టి వాళ్ల లెక్కంతా వెండి లెక్కే. పూత వేసిన వెండి నగ కొనేటప్పుడు మనమూ గుర్తు పెట్టుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. మెరుపు బంగారానిది, విలువ వెండిది!

నాట్యం నేర్చుకునే అమ్మాయిలున్న ఇళ్లకూ ఈ నగలు పరిచయమే. కూచిపూడి, భరతనాట్య కళాకారిణులు ధరించే టెంపుల్ నగలకు పేరుమోసిన ఊరు తమిళనాడులో నాగర్‌కోయిల్ దగ్గరున్న వడశేరి. వెండి మీద బంగారు రేకు అద్ది, ఎర్రని కెంపు రాళ్లు పొదిగి తలసామాను, చంద్రవంక, వడ్డాణం చేయడం అక్కడి కళాకారుల సంప్రదాయం. ఆ నగలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

925... ఇదేం లెక్క?

అచ్చమైన వెండి చాలా మెత్తన. దానితో హారం చేస్తే కొక్కెం వంగిపోతుంది, రాళ్లు ఊడిపోతాయి. అందుకే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 పాళ్లు వేరే లోహం కలుపుతారు. సాధారణంగా అది రాగి. దీన్నే స్టెర్లింగ్ వెండి అంటారు. నగ వెనక కనిపించే 925 అంకె చెప్పేది ఈ సంగతే.

మరి చిలకలపూడి నగలో? మచిలీపట్నం పక్కనున్న ఆ ఊరి పేరు రోల్డుగోల్డుకు మారుపేరైపోయింది. ఆ నగల పనితనానికి వంక పెట్టలేం. కానీ అక్కడ పూత కింద ఉండేది రాగి, ఇత్తడి లాంటి లోహాలు. ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది. వన్‌గ్రామ్ గోల్డ్ పేరుతో దొరికే నగలూ ఎక్కువగా ఈ కోవలోవే. పైకి చూస్తే మూడూ ఒకేలా మెరుస్తాయి. అయస్కాంతం పెట్టి చూసినా ప్రయోజనం లేదు. వెండీ, రాగీ, ఇత్తడీ... వీటిలో ఏదీ దానికి అంటుకోదు. కాబట్టి తేడా చెప్పాల్సింది నగ మీది ముద్ర, చేతిలోని బిల్లు.

అసలు బంగారానికీ దీనికీ తేడా మాత్రం చెయ్యే చెబుతుంది. వెండి కంటే బంగారం చాలా బరువు. 22 క్యారెట్ల బంగారంలో 17 గ్రాములు తూగే నగను అచ్చం అదే సైజులో 925 వెండితో చేస్తే పది గ్రాములే తూగుతుంది.

వెంట్రుక కన్నా పల్చన

పూతను కొలిచేది మైక్రాన్లలో. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాను. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. నగ మీద పూత తరచూ ఒక మైక్రానుకు అటూ ఇటూ! అమెరికాలో 'వెర్మే' అన్న పేరుతో నగ అమ్మాలంటే లోపల స్టెర్లింగ్ వెండి ఉండాలి, పైన కనీసం పది క్యారెట్ల బంగారం ఉండాలి, మందం 2.5 మైక్రాన్ల మేలిమి బంగారానికి తగ్గకూడదు. మన దుకాణాల్లో ఆ పేరు వినిపించినా పేరుతో ఆగకుండా 'ఎన్ని మైక్రాన్లు?' అని విడిగా అడగడం మంచిది.

ఇంతకీ ఆ పూతలో బంగారం ఎంతుంటుంది? చిన్న లెక్క వేద్దాం. 20 సెంటీమీటర్ల చుట్టుకొలత, 8 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న వెండి గాజు బరువు దాదాపు 33 గ్రాములు. లోపలా బయటా కలిపితే దాని ఉపరితలం సుమారు 40 చదరపు సెంటీమీటర్లు. దానికి 2.5 మైక్రాన్ల మేలిమి బంగారు పూత వేస్తే పట్టే బంగారం 193 మిల్లీగ్రాములు. అంటే గ్రాములో అయిదో వంతు కూడా కాదు. అదే పూత అర మైక్రానే అయితే 39 మిల్లీగ్రాములు! గ్రాము పదివేల లెక్కన చూసుకున్నా మొదటిదానిలో బంగారం విలువ రెండు వేల లోపు, రెండోదానిలో నాలుగు వందల లోపు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఒకటి ఏళ్ల తరబడి నిలిస్తే, రోజూ వాడే రెండోది నెలల్లోనే వెలవెలబోవచ్చు.

ఇంత పల్చని పూత వేసే విద్య వెనక పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు బంగారాన్ని పాదరసంలో కలిపి, వెండికి పూసి, నిప్పుల మీద వేడి చేసేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం మిగిలేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం మాత్రం గుల్లయ్యేది. 1800లో వోల్టా బ్యాటరీని కనిపెట్టడంతో దారి మారింది. 1805లో ఇటలీ శాస్త్రవేత్త లుయీజీ బ్రుగ్నతెల్లి ఆ బ్యాటరీ కరెంటుతోనే రెండు పెద్ద పతకాలకు బంగారు పూత వేశాడు. అవీ వెండి పతకాలే! 1840లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్లు పేటెంటు తీసుకోవడంతో అది వ్యాపారంగా మారింది. ఇవాళ్టికీ పద్ధతి అదే. మెరుగుపెట్టి శుభ్రం చేసిన నగను బంగారు లవణం కలిపిన ద్రావణంలో ముంచి కరెంటు పంపిస్తారు. ఎంతసేపు ఉంచితే పూత అంత మందం. ఈ ద్రావణాల్లో సాధారణంగా సయనైడ్ ఉంటుంది. కాబట్టి ఇంట్లో సొంతంగా చేసుకునే పని కానేకాదు.

నలుపెందుకు వస్తుంది?

బంగారం నల్లబడదు కదా, మరి పూత నగ ఎందుకు నల్లబడుతుంది? చాలామంది దుకాణాల వాళ్లతో గొడవపడేది ఇక్కడే. నల్లబడేది బంగారం కాదు, కింద ఉన్న వెండి. గాలిలో కాస్తో కూస్తో ఉండే గంధకపు వాయువులు వెండితో కలిస్తే నల్లని వెండి సల్ఫైడ్ ఏర్పడుతుంది. ఉడికించిన గుడ్డును వెండి చెంచాతో తింటే చెంచా నల్లబడేదీ ఇందుకే.

పల్చని పూతలో కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. గంధకం వాటిలోంచి లోపలికి దూరుతుంది. అంతేకాదు, కాలం గడిచేకొద్దీ లోపలి వెండి, రాగి అణువులు కొద్దికొద్దిగా పూతలోకి పాకి పైకి చేరతాయి. అందుకే కొందరు తయారీదారులు వెండికీ బంగారానికీ మధ్య అడ్డుగోడలా పెలేడియం లేదా నికెల్ పొర వేస్తారు. అయితే నికెల్ కొందరి ఒంటికి పడదు. చెవి తమ్మెలు ఎర్రబడి దురద పెడతాయి. అలాంటివాళ్లు నికెల్ లేనిదేనా అని అడిగి కొనాలి.

మూడో శత్రువు రాపిడి. చెవి బుట్టాలు పదేళ్లున్నా చెక్కుచెదరకపోవచ్చు. ఉంగరం, గాజు మాత్రం బల్లకూ, గిన్నెకూ, పక్క గాజుకూ రాసుకుంటూనే ఉంటాయి. కాబట్టి రోజూ పెట్టుకునే ఉంగరానికి మందమైన పూత, పండగలకు మాత్రమే తీసే బుట్టాలకు మామూలు పూత... ఇలా వాడకాన్ని బట్టి ఎంచుకోవడం తెలివైన పని.

చివర రావాలి... ముందు వెళ్లాలి

ముస్తాబులో ఈ నగ అన్నిటికంటే చివర ఒంటి మీదకు రావాలి. ఇంటికొచ్చాక అన్నిటికంటే ముందు దిగిపోవాలి. పౌడరు, సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయి, ఒంటి మీద తడి ఆరాకే పెట్టుకోవాలి. నలుగు, మంగళస్నానాల వేళ పక్కన పెట్టేయాలి. సున్నిపిండి రాపిడి పూతకు పడదు. ఈతకొలనులోని క్లోరిన్ నీళ్లకూ, సముద్రపు ఉప్పునీళ్లకూ దూరంగా ఉంచాలి. దీపావళి టపాసుల మందులో గంధకం ఉంటుంది. ఆ పొగలో నిలబడేటప్పుడు ఈ నగలు బీరువాలో ఉంటేనే క్షేమం.

పెళ్లిలో రోజంతా చెమటలో నానిన హారాన్ని అలాగే డబ్బాలో పడేయకండి. ఆ రాత్రే మెత్తని నూలు గుడ్డతో ఒత్తి తుడవాలి, రుద్దకూడదు. జిడ్డుగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల ఘాటులేని సబ్బు ద్రవం వేసి, ఆ నీళ్లలో తడిపిన గుడ్డతో అద్ది, మంచినీళ్లతో మరోసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. కెంపులు, ముత్యాలు పొదిగినవైతే నీళ్లలో ముంచనే కూడదు. రాళ్ల కింద లక్క ఉంటే వేడికి మెత్తబడుతుంది, జిగురుంటే తడికి వదులవుతుంది.

పూజగదిలోని వెండి కుందులకు చేసే వైద్యం దీనికి చేయకూడదు. విభూది, బూడిద, టూత్‌పేస్టు... ఇవన్నీ గీకి మెరుపు తెప్పించేవి. వెండి మీద గీకితే కింద మళ్లీ వెండే ఉంటుంది. పూత మీద గీకితే ఆ బంగారమే లేచిపోతుంది! చింతపండు పులుపు, వెండిని ముంచి తీసే బజారు ద్రావణాలు కూడా వద్దు. కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో తోమడం అచ్చమైన బంగారు గొలుసు తట్టుకుంటుందేమో గానీ పూత తట్టుకోలేదు.

ఇక దాచే పద్ధతి. ఒక్కో నగను విడివిడిగా, గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టాలి. లోపల ఓ సిలికా జెల్ పొట్లం, దొరికితే నలుపును అడ్డుకునే కాగితపు ముక్క ఒకటి వేయాలి. రబ్బరు బ్యాండుతో చుట్టడం, ఉన్ని గుడ్డలో పెట్టడం పొరపాటు. రెండింటిలోనూ గంధకం ఉంటుంది. స్నానాలగదిలో తడి, వంటింట్లో ఆవిరి. ఆ రెండు చోట్లా వద్దు. జరీ చీరను పలుచని నూలు పంచెలో చుట్టి, అప్పుడప్పుడూ తీసి మడత మార్చే అమ్మమ్మల జాగ్రత్తే ఇక్కడా పనికొస్తుంది.

కొనేముందు అయిదు ప్రశ్నలు

* లోపల ఏ లోహం? 925 వెండేనా? ఆ మాట బిల్లు మీద రాస్తారా?
* పూత ఎన్ని క్యారెట్లు, ఎన్ని మైక్రాన్లు?
* మధ్యలో నికెల్ పొర ఉందా?
* రాళ్లు, లక్క తీసేస్తే నికర వెండి బరువెంత? మజూరీ ఎంత?
* తిరిగి ఇస్తే ఎంత వెనక్కి వస్తుంది? మళ్లీ పూత వేసి ఇస్తారా, ఎంత తీసుకుంటారు?

ముద్ర చెప్పేదెంత?

925 అన్న అంకె ఒక్కటే ఉంటే అది తయారుచేసినవాళ్ల మాట. దానితోపాటు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) హాల్‌మార్క్ ఉంటే అది పరీక్షా కేంద్రం మాట. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి నగలకూ బంగారం తరహాలో ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ సంఖ్యను తెచ్చారు. అయితే వెండికి హాల్‌మార్క్‌ను అప్పుడు తప్పనిసరి చేయలేదు. ఆ సంఖ్య నగ మీద ఉంటే ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి సరిచూసుకోవచ్చు. ఒక్కటి మాత్రం మరవకూడదు. వెండి మీది హాల్‌మార్క్ వెండి స్వచ్ఛతకే పూచీ. పూత మందానికి కాదు. దానికి బిల్లే సాక్షి.

తిరిగి అమ్మేటప్పుడు వచ్చేది వెండి బరువును బట్టే. మజూరీ, పూత, రాళ్ల ఖర్చు లెక్కలోకి రావు. అందుకే దీన్ని ఆస్తి అనుకుని కొంటే నిరాశే. అలంకారం అనుకుని కొంటే, చివరికి వెండి విలువైనా మిగిలిందన్న తృప్తి ఉంటుంది. పూత పోయినా నగ పాడైనట్టు కాదు. పాత పూత తీసి, మెరుగుపెట్టి, మళ్లీ వేయించుకోవచ్చు. ఇత్తడి నగకు ఇంత ఖర్చు దండగనిపిస్తుంది గానీ వెండి నగకు గిట్టుబాటే. అయితే మెరుగుపెట్టిన ప్రతిసారీ కాస్త వెండి అరుగుతుంది. చెక్కడపు పనితనం మొద్దుబారుతుంది. కాబట్టి మాటిమాటికీ కాకుండా నిజంగా అవసరమైనప్పుడే వేయించాలి.

పెట్టెలో ఓ చీటీ

ఈ నగల విషయంలో అసలు చిక్కు దుకాణంలో రాదు, ఇంట్లో వస్తుంది. ఇవాళ కొన్నామెకు ఇది పూత అని తెలుసు. పాతికేళ్ల తర్వాత బీరువా తెరిచే కోడలికో, మనవరాలికో ఎలా తెలుస్తుంది? 'అత్తయ్యది అయిదు తులాల హారం' అని లెక్కల్లో రాసుకుంటారు. అక్కచెల్లెళ్ల పంపకాల్లో బంగారంగా ఒకరి వాటాకు వేస్తారు. ఆస్పత్రి ఖర్చుకు డబ్బు అవసరమై తాకట్టుకు తీసుకెళ్తే, గీటురాయి మీద గీసినాయన తలెత్తి అదోలా చూస్తాడు. చేయని మోసానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి. పెళ్లిలో పెట్టుపోతల వేళ పూత నగను బంగారంగా చెప్పినా, చెప్పకుండా వదిలేసినా తర్వాత వియ్యాలవారి మధ్య వచ్చే మాటలకు అంతుండదు.

దీనికి మందు చాలా చిన్నది. బిల్లు నకలుతో పాటు ఓ చీటీ రాసి నగ పెట్టెలోనే ఉంచండి. '925 వెండి, బరువు ఇంత, పూత ఇన్ని మైక్రాన్లు, కొన్నది ఫలానా సంవత్సరం, మళ్లీ పూత వేయించింది ఫలానా సంవత్సరం' అని. బంగారు నగల పెట్టెలో కలపకుండా విడిగా పెట్టండి. పిల్లలకు చూపించి చెప్పండి.

పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ నగకు వర్తించదు. లోన ఉన్నది లొటారం కాదు, నిఖార్సైన వెండి! కాకపోతే ఆ మాట పెట్టె మూత తీయగానే కనిపించాలి. అంతే!